ధోలావీరా శిథిలాలు, తెల్లని రణ్: భుజ్ నుంచి ఒక్క రోజులో చూసి రావడం ఎలా?

సోమనాథ్, ద్వారక చూసుకుని తిరుగు రైలెక్కే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాత్రికులు మరో రెండు రోజులు కేటాయించగలిగితే, అదే గుజరాత్‌లోని కచ్ జిల్లాలో ఒకే దారిన రెండు అరుదైన చోట్లను చూడవచ్చు. ఒకటి, సుమారు ఐదు వేల ఏళ్ల కిందట మొదలై దాదాపు 1,500 ఏళ్ల పాటు జనం నివసించిన ధోలావీరా అనే హరప్పా నాగరికత నగరం. రెండోది, వానాకాలంలో నీటితో నిండి, చలికాలానికి ఎండి, కనుచూపు మేర ఉప్పు పేరుకునే కచ్ మహా రణ్. భుజ్ పట్టణం నుంచి చీకటితో బయలుదేరితే రెండింటినీ చూసుకుని రాత్రి భోజనం వేళకు తిరిగి రావచ్చు. అయితే ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమం తప్పితే నడినెత్తి ఎండలో శిథిలాలను, మసక చీకట్లో ఉప్పును చూసి రావలసి వస్తుంది. అందుకే ఏర్పాట్లన్నీ ఆ క్రమాన్ని బట్టి చేసుకోవాలి.

ఈ రెండు చోట్లనూ విడివిడిగా చూడవద్దని ముందే చెబుతున్నాను. చుట్టూ తాగడానికి పనికిరాని ఉప్పు నేల ఉండగా, మధ్యలో మంచినీరు దాచుకోవడం నేర్చుకున్న ఊరు ధోలావీరా. ఆ నీటి జాడ చూపించగల గైడు దొరికితే రోజంతా ఒకే కథగా సాగుతుంది. దొరక్కపోతే పొద్దున్న కొన్ని రాళ్లు, సాయంత్రం కొన్ని ఫొటోలు మిగులుతాయి.

ఏ నెలలో, ఏ రోజున

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న కాలాన్ని ఎంచుకోండి. ఒకప్పుడు అరేబియా సముద్రపు పాయగా ఉన్న రణ్‌లోకి వానాకాలంలో నదుల నీరు, సముద్రం నుంచి తోసుకొచ్చే ఉప్పునీరు చేరి నిలిచిపోతాయి. ఆ నీరు ఆవిరైపోయాకే తెల్లని పొర ఏర్పడుతుంది. ఆ ఏడాది వానలు బాగా పడి ఉంటే నవంబరులో వెళ్లినవారికి ఉప్పుకు బదులు బురద నీరే కనబడవచ్చు. మార్చి దాటితే ఎండ మండిపోతుంది. చలికాలంలో మాత్రం పగలు ఎండ, రాత్రి చలి రెండూ ఉంటాయి. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పడిపోయే రోజులు కూడా ఉంటాయి గనుక, అరకు చలి తప్ప మరొకటి ఎరగని మన తీరప్రాంతం వారు స్వెటరు, చెవులకు మఫ్లరు తప్పక పెట్టుకోవాలి.

మనలో చాలామందికి సంక్రాంతి సెలవులే వీలు. కాని జనవరి 14 గుజరాతీలకు ఉత్తరాయణం, అంటే గాలిపటాల పండుగ. దుకాణాలు మూతపడతాయి, హోటళ్లు నిండిపోతాయి. దీపావళి తరువాతి వారంలోనూ ఇదే పరిస్థితి. పండుగ దాటిన వారంలో వెళ్లడం మేలు. శుక్రవారం మాత్రం వద్దు, ఎందుకంటే ధోలావీరాలోని పురావస్తు శాఖ మ్యూజియానికి ఆ రోజు సెలవు. పౌర్ణమి రాత్రి వెన్నెల్లో ఉప్పు నేలను చూడాలన్న కోరికతో వచ్చేవారు ఎక్కువ. ఆ దృశ్యం గొప్పదే గాని, జనం కూడా ఆ రోజునే ఎక్కువ ఉంటారు. పెద్దవాళ్లను, పసిపిల్లలను వెంటబెట్టుకు వెళ్లేవారికి మామూలు రోజే సుఖం.

భుజ్ చేరడం

పూరీ నుంచి అహ్మదాబాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ విజయనగరం, రాయగడ మీదుగా వెళుతుంది. విశాఖపట్నం నుంచి గాంధీధామ్‌కు విజయవాడ మీదుగా వారానికొక రైలు ఉంది. గాంధీధామ్ నుంచి భుజ్ సుమారు 60 కిలోమీటర్లు. అహ్మదాబాద్‌లో దిగేవారికి అక్కడి నుంచి భుజ్‌కు రాత్రి రైళ్లు ఉన్నాయి, 2024 సెప్టెంబరు నుంచి నమో భారత్ ర్యాపిడ్ రైలు కూడా నడుస్తోంది. విమానంలో వెళ్లేవారు ముంబయిలో మారవచ్చు. ఏ రైలు ఏ వారాల్లో నడుస్తుందో టికెట్టు తీసేముందు మరోసారి సరిచూసుకోండి.

ఇక్కడొక మాట. ఎచ్చెర్ల, గార తీరాల నుంచి చేపల వేటకు వేరావల్ వలస వెళ్లిన కుటుంబాలు మనకు చాలా ఉన్నాయి. "గుజరాత్‌లో మనవాళ్లున్నారు, వాళ్లింట్లో దిగి చూసి వచ్చేద్దాం" అనుకోవడం సహజం. వేరావల్ సోమనాథ్‌కు పక్కనే గాని, భుజ్‌కు నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి నుంచి ఒక్క రోజులో ఈ ప్రయాణం సాగదు. చుట్టపు చూపు ముగించుకుని, ఒక రాత్రి బస్సులోనో రైల్లోనో భుజ్ చేరి, అక్కడ రెండు రాత్రులు గది తీసుకోండి. తెల్లని రణ్ అంచున ఉన్న ధోర్డో గ్రామంలో, రణ్ ఉత్సవం కోసం వేసే గుడారాల నగరంలో బస చేయడం ఖర్చుతో కూడిన పని. ఒక్క సాయంత్రం ఉప్పు చూడటానికి అంత అవసరం లేదని నా అభిప్రాయం.

బండి, గైడు, పర్మిట్

మొత్తం ప్రయాణం 320 నుంచి 350 కిలోమీటర్లు ఉంటుంది. భుజ్ నుంచి ఖావ్డా సుమారు 70, అక్కడి నుంచి ధోలావీరా మరో 65. మధ్యాహ్నం వెనక్కి వచ్చి, భిరండియారా దగ్గర పడమటికి మళ్లితే ధోర్డో, అక్కడి నుంచి భుజ్ సుమారు 80. కారు మాట్లాడేటప్పుడు ఈ ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పి, రెండు చోట్లూ ఒకే రోజున అని స్పష్టంగా అనండి. "రణ్ ట్రిప్" అని మాత్రమే చెబితే ధోర్డో చూపించి తీసుకొచ్చేస్తారు. ధోలావీరాకు భచావ్, రాపర్ మీదుగా పోయే పాత దారి కూడా ఉంది. అది రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది గనుక ఖావ్డా దారినే వెళ్లాలని డ్రైవరుతో ముందే ఒప్పుకోండి. అద్దె కిలోమీటరు లెక్కనా, రోజు లెక్కనా, డ్రైవరు బత్తా అందులో కలిసి ఉందా అన్నవి కూడా బయలుదేరకముందే తేల్చుకోవాలి.

ట్రావెల్స్ వాళ్లు "గైడుతో సహా" అన్నప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఆ గైడు శిథిలాల లోపలికి మీతో నడిచి వస్తాడా, లేక డ్రైవరే దారిలో రెండు మాటలు చెబుతాడా? చాలాసార్లు రెండోదే నిజం. నా సలహా ఏమిటంటే, భుజ్ నుంచి బండి మాత్రమే మాట్లాడుకుని, గైడును ధోలావీరాలోనే తీసుకోవడం. తవ్వకాలు జరిగిన కాలంలో ఆ గ్రామస్థులు వాటిలో పనిచేశారు, గైడులు కూడా ఆ ఊళ్లోనే దొరుకుతారు. పుస్తకాల్లో చదివి చెప్పేవారికన్నా వారి మాట సూటిగా ఉంటుంది. తెలుగు చెప్పేవారు దొరకరు. హిందీ, గుజరాతీ, కచ్ఛీ వారి భాషలు. మీ జట్టులో హిందీ బాగా వచ్చినవారు ఒకరు గైడు పక్కన నడుస్తూ, ప్రతి చోటా ఆగి మిగిలినవారికి తెలుగులో చెప్పే ఏర్పాటు చేసుకోండి. రుసుము ఎంతో, ఎంతసేపు చూపిస్తారో నడక మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. రెండు గంటలకు తక్కువైతే ఒప్పుకోవద్దు.

తెల్లని రణ్ సరిహద్దు ప్రాంతం గనుక పర్మిట్ తప్పనిసరి. దాన్ని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు, లేదా భిరండియారా చెక్‌పోస్టు దగ్గర తీసుకోవచ్చు. పెద్దవారందరి ఆధార్ కార్డులు, బండి నంబరు, డ్రైవరు లైసెన్సు దగ్గర ఉండాలి. కార్డు జిరాక్సుతో పాటు అసలు కార్డు కూడా పట్టుకెళ్లండి. పొద్దున్న వెళ్లేది కూడా ఆ భిరండియారా మీదుగానే గనుక, పర్మిట్ కౌంటరు ఎప్పుడు తెరుస్తారో అప్పుడే కనుక్కుంటే సాయంత్రం వరసలో నిలబడే పని తగ్గుతుంది. సరిహద్దు భద్రతా దళం ఠాణాలను, వాహనాలను ఫొటో తీయకూడదు. డ్రోన్ అసలు తీసుకెళ్లవద్దు.

పొద్దున్న: ముందు శిథిలాలే

ఉదయం ఆరు గంటలకు భుజ్ వదలాలి. భుజ్ మనకు పడమరగా సుమారు 14 డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది గనుక అక్కడ పొద్దు పొడవడం, పొద్దు గూకడం రెండూ మనకన్నా దాదాపు గంట ఆలస్యం. జనవరిలో శ్రీకాకుళంలో ఆరున్నరకు సూర్యుడు కనబడితే భుజ్‌లో ఏడుంపావు దాటాలి. కాబట్టి ఆరు గంటలకు అక్కడ ఇంకా చీకటే. ఆ గంట తేడా సాయంత్రం మీకు లాభిస్తుంది.

ఖావ్డా దాటాక కొంత దూరానికి రోడ్డు రణ్ మధ్యలోకి ప్రవేశిస్తుంది. సుమారు 30 కిలోమీటర్ల పాటు, నీరు ఉన్న కాలంలో రెండు వైపులా నీరు, ఎండిన కాలంలో రెండు వైపులా ఉప్పు. దీన్నే అక్కడివారు "రోడ్ టు హెవెన్" అని పిలుచుకుంటారు. అందరూ రోడ్డు మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకుంటారు. లారీలు వేగంగా వచ్చే దారి అది, మీరు మాత్రం ఆ పని చేయకుండా పక్కకు ఆపించుకుని పది నిమిషాల్లో కదలండి. సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది గనుక మ్యాపును ముందే ఫోనులో దింపుకోండి. పెట్రోలు భుజ్‌లోనే పోయించుకోవాలి, టిఫిను కూడా అక్కడి నుంచే కట్టించుకోవాలి. ధోలావీరాలో తినడానికి దొరికేది తక్కువ.

తొమ్మిది ప్రాంతానికి ఖదీర్ దీవి మీద ఉన్న ధోలావీరా చేరతారు. మొదట మ్యూజియంలో ఇరవై నిమిషాలు గడపండి. అక్కడి నగర నమూనాను చూసుకుంటే బయట ఏ గోడ ఏమిటో పోల్చుకోవచ్చు. తరువాత గైడుతో లోపలికి నడవండి. 1967-68లో పురావస్తు శాఖకు చెందిన జగత్‌పతి జోషి ఈ చోటును గుర్తించగా, 1989-90 నుంచి ఆర్. ఎస్. బిష్త్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. 2021 జులైలో మన రామప్ప ఆలయానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన రెండు రోజులకే ధోలావీరాకు కూడా ఆ గుర్తింపు వచ్చింది. గోడల లోపలి ఊరే సుమారు 47 హెక్టార్లు. నీడనిచ్చే చెట్టు దాదాపు లేదు. టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు లేకుండా లోపలికి అడుగుపెట్టవద్దు.

ఊరు మూడు భాగాలు: ఎత్తున ఉన్న కోట, మధ్య పట్టణం, దిగువ పట్టణం. చాలామంది గైడులు నేరుగా కోట మెట్లెక్కిస్తారు. మీరు మాత్రం ముందుగా తూర్పు జలాశయం దగ్గరికి తీసుకెళ్లమని అడగండి. అది సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు ఉన్న పెద్ద కోనేరు. గట్టు మీద నిలబడి చూస్తే లోపలికి దిగే రాతి మెట్లు ఒకదాని కింద ఒకటి సన్నబడుతూ అడుగు దాకా పోవడం కనబడుతుంది. నీటి మట్టం తగ్గేకొద్దీ మరో మెట్టు దిగి ముంచుకునే వీలు కోసమే అన్ని మెట్లు. శ్రావణ భాద్రపదాల్లో పైమెట్టు మీదే కడవ నిండిన ఊరు, ఎండాకాలానికి ఎంత కిందికి దిగవలసి వచ్చేదో ఆ మెట్లను చూస్తే తెలుస్తుంది. పిల్లలను అంచుకు పోనివ్వకండి, పక్కన కటకటాలు అన్ని చోట్లా లేవు.

ఇప్పుడు గైడును ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చేదని అడగండి. ఊరికి ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులు, రెండూ వానాకాలపు వాగులే. వాటికి అడ్డుకట్టలు వేసి, నీటిని ఊరి గోడల వెంబడి తవ్విన జలాశయాల్లోకి మళ్లించారు. నేల ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉండటంతో ఒకటి నిండి మరొకదానిలోకి పారేది. ఈశాన్యం పల్లంగా ఉండాలనే మన వాస్తు పండితులు ఈ ఊరికి వెళితే ఏమంటారో తెలియదు. మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడే వాన అక్కడ అందులో సగం కూడా పడదు. పడిన కొద్ది వాననైనా వదలకూడదన్న పట్టుదల కోటలో మరింత కనబడుతుంది. అక్కడ రాతితో కప్పిన కాలువలు కొన్ని మనిషి వంగి నడిచేంత ఎత్తున ఉంటాయి. వాటిని మురుగు కాలువలుగా పొరబడతారు. అవి కోట మీద పడిన వాన నీటిని పోగుచేసి దించే కాలువలు. కోటకు దక్షిణాన రాయిని తొలిచి చేసిన జలాశయాలను కూడా తప్పక చూడండి, చాలామంది అక్కడిదాకా నడవకుండానే వెనుదిరుగుతారు.

కోట ఉత్తర ద్వారం పక్క గదిలో, హరప్పా లిపిలోని పది పెద్ద గుర్తులున్న పలక దొరికింది. జిప్సం ముక్కలను కర్ర పలక మీద పొదిగిన ఆ గుర్తులు ఒక్కొక్కటి సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తు. కర్ర చివికిపోయింది గాని, గుర్తుల వరస చెదరలేదు. హరప్పా లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు గనుక, గైడు ఎవరైనా దానికి అర్థం చెబితే విని ఊరుకోండి. ఆ ద్వారం ముందు సుమారు 280 మీటర్ల పొడవున్న మైదానం, పక్కన మెట్ల వంటి అరుగులు ఉన్నాయి. సంతకో, ఉత్సవానికో వాడి ఉండవచ్చని పండితుల ఊహ. మధ్య పట్టణంలో వీధులు తిన్నగా సాగుతాయి, దిగువ పట్టణంలో చూడవలసింది కొద్దిగానే ఉంది. చివరికి వచ్చేసరికి ఒక చోట గుండ్రని ఇళ్ల పునాదులు కనబడతాయి. నగరం క్షీణించిన తరువాతి కాలంలో వచ్చి ఉన్నవారివి అవి. కచ్ గ్రామాల్లో ఇప్పటికీ కట్టే గుండ్రని భుంగా ఇళ్లను దారిలో చూసి ఉంటే ఆ పోలిక మీకే తడుతుంది.

శాలిహుండం స్తూపాలనో, రామతీర్థం కొండ మీది బౌద్ధ శిథిలాలనో చూసినవారు ఒక తేడా గమనించాలి. శాలిహుండం పక్కనే వంశధార ఉంది, అక్కడి భిక్షువులకు నీటి కొరత ఊహకు కూడా వచ్చి ఉండదు. ధోలావీరాకు అలాంటి నది లేదు, ప్రతి గోడ దగ్గరా నీటి గురించే అడగవలసి రావడానికి కారణం అదే. మోకాళ్ల నొప్పులున్నవారు కోట మీదికి ఎక్కకపోయినా పరవాలేదు, జలాశయాలను గట్ల మీది నుంచి చూడవచ్చు.

మధ్యాహ్నం

పన్నెండున్నరకు బయటికి రండి. భోజనంలో సజ్జ రొట్టె, కఢీ, కిచిడీ, మజ్జిగ దొరుకుతాయి. గుజరాతీ పప్పు తియ్యగా ఉంటుందని భయపెట్టేవారు ఉంటారు గాని, పులుసులో బెల్లం వేసుకునే మన ఉత్తరాంధ్ర నోటికి అది అంత కొత్తేమీ కాదు. ఒక సీసాలో ఆవకాయ పట్టుకెళితే చాలు. దగ్గరలో జురాసిక్ కాలపు కర్ర శిలాజాల ఉద్యానం ఉంది. కాని ఒకటిన్నరకల్లా వెనుదిరగకపోతే సాయంత్రం పాడవుతుంది గనుక దాన్ని వదిలేయడమే మంచిది. ఖావ్డా దగ్గరి కాలో డుంగర్ కచ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ, సుమారు 460 మీటర్లు. దాని మీద దత్తాత్రేయుని గుడి ఉంది. మూడు గంటలలోపు ఖావ్డా చేరితేనే ఆ కొండెక్కాలి, లేకపోతే నేరుగా ధోర్డోకు పొండి.

సాయంత్రం: ఉప్పు

నాలుగున్నరకు ధోర్డో చేరేలా చూసుకోండి. సూర్యాస్తమయం జనవరిలో ఆరుంపావు తరువాత గనుక తగినంత సమయం ఉంటుంది. బండి ఆపిన చోటి నుంచి ఉప్పు నేల దాకా కొంత దూరం నడవాలి. నడవలేనివారికి ఒంటె బళ్లు ఉంటాయి, ధర ముందే అడగండి.

నౌపడ ఉప్పు మడుల పక్కన తిరిగినవారికి ఉప్పు కొత్త కాదు. అయితే అక్కడ సముద్రపు నీటిని కాలువల ద్వారా మడుల్లోకి పెట్టి, ఎండబెట్టి, గోకి కుప్పలు పోసి, ఉప్పును పండిస్తారు. ఇక్కడ ఆ పొరను ఎవరూ పండించలేదు, గట్టు లేదు, మడి లేదు. దిగి నడిస్తే మొదట పైపొర గట్టిగా, గరగరలాడుతూ పాదానికి తగులుతుంది. వంగి చూస్తే చిన్న చిన్న పలకలు, వాటి అంచులు కాస్త పైకి లేచి కనబడతాయి. ఒక పలకను గోటితో ఎత్తితే కింద నల్లని తడి బురద ఉంటుంది. ఆ బురద ఎంత లోతుందో పైనుంచి తెలియదు కాబట్టి జనం నడిచిన మేర దాటి ముందుకు పోకండి, నేల ముదురు రంగులో ఉన్నచోట అసలే అడుగు వేయకండి. చెప్పులు విప్పి నడవాలని పిల్లలు సరదా పడతారు. మడమల పగుళ్లున్నవారు విప్పారంటే ఆ మంట రాత్రి దాకా వదలదు. తెల్లని నేల మీది ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది గనుక చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. కెమెరాను, ఫోనును ఉప్పు మీద పెట్టవద్దు.

ఒక లోటాడు నీళ్లయినా తాగడానికి దొరకని ఈ చోటుకు, పొద్దున్న చూసిన కోనేటికి మధ్య తేడా ఎంతో ఇక్కడ నిలబడితే బాగా తెలుస్తుంది. అందుకే శిథిలాలను ముందు, ఉప్పును తరువాత చూడమన్నాను. వెంట వృద్ధులుండి అలసిపోతే ధోర్డోను వదిలేసి, ఖావ్డా దారిలోనే రోడ్డు పక్క ఉప్పును చూసుకుని తిరిగి రావచ్చు. నష్టమేమీ లేదు.

తిరుగు దారి

సూర్యుడు మునగ్గానే బళ్లన్నీ ఒక్కసారే కదులుతాయి. అరగంట ఆగి టీ తాగి బయలుదేరడం మంచిది. రాత్రి ప్రయాణంలో అసలు జాగ్రత్త పడవలసింది గేదెల విషయంలో. దారి పొడవునా ఉన్న బన్ని గడ్డిభూముల్లో పెంపకందారులు గేదెలను రాత్రిపూటే మేతకు వదులుతారు, తెల్లవారాక అవి ఇళ్లకు చేరతాయి. నల్లని మందలు చీకట్లో రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంటాయి గనుక డ్రైవరును వేగం తగ్గించమని చెప్పి, ముందు సీట్లో మెలకువగా ఉండే మనిషిని కూర్చోబెట్టండి. భిరండియారాలో మావా అనే కోవా మిఠాయి పేరున్నది, ఆకలిగా ఉంటే అక్కడ ఆగండి. ఎనిమిదిన్నరకు భుజ్ చేరతారు. డ్రైవరుకు లెక్క అదే రాత్రి తీర్చేయండి. బూట్లను, చెప్పులను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, అలాగే వదిలేస్తే ఉప్పుకు తోలు రెండు రోజుల్లో బిగుసుకుపోయి పగులుతుంది.